కంప్యూటరు భాషలో గుర్తుల పాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట రెండు చెక్క బీరువాలతో, పంచాయతీవారి పాత గదిలో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభసమయమున కవులను గూర్చియో, కావ్యములను గూర్చియో మాటలాడుట ఉచితముగ నుండెడిది. కాని కార్యదర్శిగారు నన్ను వేరొక విషయము చెప్పుమని కోరిరి. కొన్ని సంవత్సరములుగా మన పుస్తకముల జారీ పద్దు కంప్యూటరుపై నడచుచున్నది. ఆ పద్దును నడపు ప్రోగ్రామును వ్రాసినవాడను నేనే. మొన్న ఒక చందాదారుడు నన్ను నిలిపి, "మాష్టారూ, ఆ పెట్టెలో ఏం జరుగుతోందో మాకు తెలియొద్దా? చందా మాది, పుస్తకం మాది, లెక్క మాత్రం మాకు కనబడదు" అని యడిగెను. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానమే ఈ యుపన్యాసము.

నేను ముప్పది సంవత్సరములు గణితము బోధించి పదవీ విరమణ చేసినవాడను. ఈ విద్యను అరువదేండ్ల వయస్సు దాటిన పిదప నేర్చుకొంటిని. కావున పండితునివలె గాక, మీకంటె నాలుగు పుటలు ముందు చదివిన విద్యార్థివలె మాటలాడెదను. నేను చేసిన యొక తప్పును గూడ చెప్పెదను. నిజమునకు అది చెప్పుటకే ఈ వేదిక నెక్కితిని.

మొదట ఈ ప్రోగ్రాము ఎక్కడ పనిచేయునో తెలిసికొందము. పాఠకుడు బల్ల యొద్దకు వచ్చి కావలసిన పుస్తకము పేరు చీటీపై వ్రాసి యిచ్చును. గ్రంథపాలకుడు లోపలి గదికి పోయి, పట్టిక చూచి, బీరువా తెరచి, పుస్తకము తెచ్చి చేతికిచ్చును. పాఠకునికి పుస్తకము కనబడును గాని లోపలి వెదకులాట కనబడదు. వెబ్ పుటల వ్యవహారము నిట్టిదే. మన ఫోనులోని బ్రౌజరు చీటీ యిచ్చు పాఠకుడు. దూరమున నున్న సర్వరు లోపలి గది. ఆ గదిలో కూర్చుండి, అడిగినదానిని బట్టి పుటను సిద్ధముచేసి పంపు గ్రంథపాలకుని పనిని నిర్వహించు భాషలలో ప్రసిద్ధమైనది పీహెచ్‌పీ. మన పద్దు ఆ భాషలోనే వ్రాయబడినది.

దీని పుట్టుక సామాన్యమైనది. గ్రీన్లాండులో జన్మించి కెనడాలో విద్య నభ్యసించిన రాస్మస్ లెర్డార్ఫ్ అను నతడు, 1994లో, వెబ్‌పై నుంచిన తన వృత్తివివరముల పుటను ఎవరెవరు చూచుచున్నారో తెలిసికొనుటకై కొన్ని చిన్న పనిముట్లను వ్రాసికొనెను. 1995 జూనులో వానిని లోకమునకు వెల్లడించెను. అనంతరము ఆండీ గుట్మాన్స్, జీవ్ సురాస్కీ అనువారు దానిని క్రొత్తగా నిర్మింపగా 1998లో మూడవ కూర్పు వెలువడెను. ఒకని సొంత పుటకై పుట్టిన పనిముట్టు ఈనాడు లోకమందలి అసంఖ్యాకములైన పుటలను పంపుచున్నది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాను నడపు మీడియావికీ సాఫ్టువేరు కూడ ఈ భాషలో వ్రాయబడినదే. కనుక మన పిల్లలు ఫోనులో తెలుగు వ్యాసము చదివినప్పుడెల్ల, తమకు తెలియకయే ఈ భాష చేత సేవ పొందుచున్నారు.

ఇక గుర్తుల విషయము. ఏ భాషలోనైనను మాటలు మాత్రమే యున్నచో వాక్యము కాదు. "రాముడు, బాణము, రావణుడు, కొట్టు" అని నాలుగు మాటలను ప్రక్కప్రక్కన పెట్టినంతమాత్రమున ఎవరు ఎవరిని దేనితో కొట్టిరో తెలియదు. "బాణముతో, రావణుని" అని విభక్తులు చేరినప్పుడే అర్థము స్థిరపడును. ప్రోగ్రాము భాషలో విభక్తి చేయు పనివంటి పనిని చేయునవి ఆపరేటర్లు అను గుర్తులు. రెండు రాశుల నడుమ నిలిచి, వానిని కలుపవలెనో, తీసివేయవలెనో, పోల్చవలెనో ఆజ్ఞాపించునవి ఇవియే. రాశులు కూలీలవంటివి, గుర్తు మేస్త్రీవంటిది.

మొదటి తెగ లెక్కగుర్తులు. కూడిక, తీసివేత మనకు తెలిసినట్లే యుండును. గుణకారమునకు నక్షత్రపు గుర్తు, భాగహారమునకు ఏటవాలు గీత. వీనితోపాటు శేషమును మాత్రమే యిచ్చు % గుర్తు కలదు. బడిలో మనము దీనిని శాతమునకు వాడుదుము. ఇచట దాని పని వేరు. నేడు సోమవారమైనచో నూరు దినముల పిమ్మట ఏ వారము? నూటిని ఏడుచేత భాగించినచో మిగులు శేషము 2. కావున బుధవారము. పంచాంగము త్రిప్పనక్కరలేదు. పుస్తకము తిరిగి యీయవలసిన దినము గ్రంథాలయపు సెలవునాడు పడునేమో మన ప్రోగ్రాము ఈ గుర్తుతోడనే చూచుకొనును.

రెండవది చుక్క. ఇది మాటలను అతుకు గుర్తు. "గ్రంథ" అను మాటకును "పాలకుడు" అను మాటకును నడుమ చుక్క పెట్టినచో "గ్రంథపాలకుడు" అగును. కాని ఈ చుక్కకు వ్యాకరణము రాదు. "వాడు", "ఎక్కడ" అను రెంటిని అతికినచో మనకు వలె "వాడెక్కడ" అని సంధి చేయదు. "వాడుఎక్కడ" అని యంటించి యూరకుండును. నడుమ ఖాళీయైనను విడువదు. కావలసినచో ఆ ఖాళీని గూడ మనమే యీయవలెను. ఈ చుక్కకును కూడిక గుర్తునకును గల భేదము గమనింపదగినది. "5", "3" అను రెంటిని + గుర్తుతో కలిపినచో 8. చుక్కతో కలిపినచో 53. రాశులు మారలేదు, నడుమ నున్న మేస్త్రీ మారినాడు, ఫలము మారినది.

మూడవది సమాన చిహ్నము. ఇచట మనవంటి పాతకాలపు లెక్కలవారు తప్పక తడబడుదురు. రెండు సమానమైన అడ్డగీతలతో ఈ చిహ్నమును 1557లో తన గణిత గ్రంథమునందు ప్రవేశపెట్టినవాడు వేల్సు దేశీయుడైన రాబర్ట్ రికార్డు. ఒక జత సమాంతర రేఖలకంటె సమానమైన వస్తువులు వేరే లేవని యతని భావము. కాని పీహెచ్‌పీలో ఒంటి = గుర్తు సమానమని చెప్పదు; కుడివైపు దానిని ఎడమవైపు పెట్టెలో వేయుమని చెప్పును. పెట్టెల పేర్లకు ముందు డాలరు గుర్తు పెట్టుదురు. పేరు తెలుగులో నున్నను ఈ భాషకు అభ్యంతరము లేదు. $చందా = 60 అనగా "చందా యను పెట్టెలో 60 వేయుము" అని యర్థము. $చందా = $చందా + 10 అని వ్రాసినచో బడిలో నేను సున్న మార్కులు వేసియుందును; ఏ సంఖ్యయు తనకంటె పది యెక్కువ కాజాలదు. కాని యిచట అది చక్కని యాజ్ఞ. పెట్టెలోని డబ్బు తీసి, పది కలిపి, మరల ఆ పెట్టెలోనే వేయుమని భావము.

మరి రెండు రాశులు సమానమా యని అడుగుట యెట్లు? దానికి రెండు సమాన చిహ్నములు ప్రక్కప్రక్కన వ్రాయవలెను: ==. ఒకటి ఆజ్ఞ, రెండు ప్రశ్న. ఈ భేదమును మరచి మొదటి పరీక్ష దినముననే నేను నవ్వులపాలైతిని. "చెల్లించిన సొమ్ము 60 అయినదా?" అని యడుగవలసిన చోట ఒక గుర్తు తగ్గించి వ్రాసితిని. ప్రోగ్రాము అడుగుట మాని, ప్రతివాని పేరను 60 వేసి, అందరును చెల్లించినట్లు చూపెను. మన కోశాధికారిగారు తెరను చూచి, "ఇంతమంది ఎప్పుడు కట్టారు మాష్టారూ, నా గల్లాపెట్టె మాత్రం ఖాళీగానే ఉందే" అనిరి. అందరము నవ్వుకొంటిమి. ఆ తప్పువలన ఎవరికిని నష్టము కలుగలేదు.

రెండవ తప్పు అట్టిది కాదు.

మన గ్రంథాలయమున పెద్దల కార్డులకు 1, 2, 3 అని వరుస సంఖ్యలు కలవు. తరువాత బాలల విభాగము తెరచినప్పుడు, భేదము తెలియుటకై వారి సంఖ్యలకు ముందు ఒక సున్న చేర్చితిమి. ఆ విధముగ 12వ కార్డు ఒక పెద్దాయనది, 012వ కార్డు ఏడవ తరగతి చదువు ఒక బాలికది. పెద్దాయన ఒక పుస్తకము తీసికొని, కుమార్తె యింటికి పోయి, రెండు నెలలు తిరిగి రాలేదు. ఆ దినములలో ఈ బాలిక యొక సాయంకాలము పుస్తకమునకై వచ్చెను. కార్డు సంఖ్యను కొట్టగానే తెరపై "పుస్తకము బాకీ. జారీ చేయరాదు" అని వచ్చెను. "నేను ఇచ్చేశాను మాష్టారూ" అని యామె అనెను. నేనచటనే యుంటిని. "యంత్రం అబద్ధం చెప్పదమ్మా. ఇంట్లో మళ్ళీ వెతికి చూడు" అని యంటిని. ఆమె మారు పలుకక పోయెను.

మూడవనాడు ఆమె తల్లి వచ్చెను. పొలము పని ముగించుకొని తిన్నగా వచ్చినది. కాళ్ళకు బురద ఆరలేదు. మెట్టు క్రిందనే నిలిచి, "ఇల్లంతా వెతికామండీ, పుస్తకం దొరకలేదు. దాని ఖరీదెంతో చెప్పండి, కూలి డబ్బులు రాగానే కట్టేస్తాను. పిల్లని మాత్రం రానివ్వండి" అనెను. ఖరీదు చెప్పుటకై నేను అప్పుడు, అప్పుడు మాత్రమే, లోపలి పద్దు తెరచి చూచితిని. 012 పేరున ఒక్క పంక్తియు లేదు. బాకీ యున్నది 12 పేరున. ఆ బాలిక చెప్పినది అక్షరాల నిజము.

నేను ఆ సాయంకాలమే వారి యింటికి పోయి, తల్లి యెదుటను ఇరుగుపొరుగువారి యెదుటను క్షమాపణ చెప్పి, ఆమె కోరిన పుస్తకమును నా చేతితో నిచ్చితిని. ఆమె పుస్తకము పుచ్చుకొని ఒక్క ప్రశ్న యడిగెను: "మరి యంత్రానికి సున్నా కనబడలేదా మాష్టారూ?"

ఆ ప్రశ్నకు సమాధానము రెండు సమాన చిహ్నములలో నున్నది. పద్దులోని సంఖ్యయు, బల్లవద్ద కొట్టిన సంఖ్యయు కంప్యూటరుకు అక్షరముల వరుసలుగానే చేరును. కాని రెండువైపుల నున్నవి సంఖ్యలవలె కనబడినచో, == గుర్తు వానిని సంఖ్యలుగా మార్చి పోల్చును. సంఖ్యకు ముందున్న సున్నకు విలువ లేదు. కావున 012 యు 12 యు సమానమని తీర్పు చెప్పును. యంత్రమునకు సున్న కనబడినది, కాని దానిని విలువలేనిదిగా త్రోసివేసినది. ముందున్న సున్నకు విలువ లేదని ముప్పదేండ్లు బోధించినవాడను నేనే! లెక్కలో అది నిజము. కాని కార్డుపైనున్నది లెక్క కాదు, పేరు. పేరులో నొక అక్షరము త్రోసివేసినచో మనిషియే మారిపోవును.

దీనికి మందు మూడు సమాన చిహ్నములు: ===. ఇది "విలువ సమానమా?" అని మాత్రమే అడుగదు, "జాతియు, విలువయు, రెండును అవియేనా?" అని యడుగును. అక్షరముల వరుసలను సంఖ్యలుగ మార్చదు. దాని యెదుట "012" వేరు, "12" వేరు. రెండు చిహ్నములది సమానత్వము, మూడింటిది అభేదము. నేను చేసిన దిద్దుబాటు ఒక్క గుర్తు చేర్చుట మాత్రమే. ఆ యొక్క గుర్తు లేకపోవుటచేత ఒక బాలిక మూడు దినములు దొంగవలె తల వంచుకొని తిరిగినది.

ఈ భాషను తీర్చుచున్నవారును ఇట్టి చిక్కులను గమనింపకపోలేదు. పూర్వపు కూర్పులలో సున్న యను సంఖ్యను "లేదు" వంటి మాటతో == చేత పోల్చినచో సమానమని వచ్చెడిది. 2020లో వెలువడిన ఎనిమిదవ కూర్పులో దానిని సవరించిరి. కాని "012", "12" ల తీర్పు నేటికిని మారలేదు. అది భాష చేసిన తప్పు కాదు. ఏ ప్రశ్న యడుగవలెనో తెలియక యడిగినవాని తప్పు.

మిగిలిన గుర్తులను క్లుప్తముగ చెప్పెదను. <=> అను గుర్తు ఎడమది చిన్నదైన -1, సమమైన 0, పెద్దదైన 1 ఇచ్చును; పుస్తకముల పట్టికను వరుసలో పేర్చుటకు ఉపకరించును. ?? అను జంట ప్రశ్నార్థకము, ఎడమవైపు ఏమియు లేనిచో కుడివైపు దానిని గ్రహింపుమనును. పాఠకుడు ఫోను నంబరు వ్రాయనిచో ఆ స్థానమున "ఇయ్యలేదు" అని వేయుటకు దీనినే వాడితిని. ఈ రెండును 2015లో వచ్చిన ఏడవ కూర్పుతో చేరినవి. && అనునది రెండు షరతులును నెరవేరవలె ననును; || అనునది ఏ యొకటి నెరవేరినను చాలుననును; ! అనునది కాదనును. చందా చెల్లించియుండవలెను, బాకీయు లేకుండవలెను. అప్పుడే పుస్తకము జారీ. ఇది && చేయు పని.

గుర్తులు పెక్కు చేరినప్పుడు ఎవరు ముందను వివాదము వచ్చును. చందా 60, ఆలస్య రుసుము వారమునకు 2 చొప్పున 5 వారములు. దీనిని 60 + 2 * 5 అని వ్రాసినచో గుణకారమే ముందు జరుగును, మొత్తము 70. ఎడమనుండి వరుసగా చేసినచో 310 అగును. పాఠకుడు మన గడప త్రొక్కడు. "మొత్తము" అను మాటను, చుక్కను, కూడికను ఒకే పంక్తిలో వ్రాసినప్పుడు ఏడవ కూర్పువరకు చుక్కయు కూడికయు సమాన స్థాయిలో నుండెడివి. ఎనిమిదవ కూర్పునుండి కూడికకు పెద్దరికము వచ్చినది. అనగా పాత పంక్తి క్రొత్త కూర్పులో వేరు ఫలము నీయవచ్చును. ఈ పెద్దరికముల నన్నిటిని కంఠస్థము చేయుటకంటె కుండలీకరణములు వేయుట మేలు. విందులో ఎవరు ముందు కూర్చుండవలెనో పీటలు వేసి చూపినచో తగవులు రావు గదా!

గ్రంథాలయ మిత్రులకు ఈ విషయము పూర్తిగ క్రొత్తది కాదని కూడ మనవి చేయుచున్నాను. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన వర్గీకరణ పద్ధతికి కోలన్ అను విరామ చిహ్నమే పేరైనది. ఒక విషయములోని వేర్వేరు అంశములను ఆ చిహ్నముతో కలిపి పుస్తకమునకు స్థాన మేర్పరచిరి. చిన్న చుక్కలు ఎంత భారము మోయగలవో మన గ్రంథపాలకులు కంప్యూటరువారికంటె ముందే యెరుగుదురు. ఆ మహనీయుడే 1931లో ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి పాఠకునికిని తన పుస్తకము లభింపవలెనని యొక సూత్రము కలదు. నేనొక గుర్తు తక్కువ వేసి ఆ సూత్రమును భంగపరచితిని.

అటుపిమ్మట కార్యవర్గము అనుమతితో మూడు మార్పులు చేసితిమి. తెరపై ఉత్త "బాకీ" అని చూపుట మాని, ఏ పుస్తకము, ఏ తేదీన, ఏ కార్డుపై అని మూడును చూపుచున్నాము. కాగితపు జారీ పుస్తకమును మరల తెరచితిమి. రెంటికిని భేదము వచ్చినచో పాఠకుని మాట వినకుండ తీర్పు చెప్పరాదని నియమము చేసికొంటిమి. ప్రోగ్రాము మొత్తమును కాగితముపై అచ్చొత్తి బీరువాలో నుంచితిమి. ఎవరైనను చదువవచ్చును, తప్పు చూపవచ్చును. నన్ను ప్రశ్నించిన చందాదారునికి నా సమాధానము ఇదియే: ఇప్పుడు లెక్కయు మీదే.

ఈ కథను ఆ తల్లి బిడ్డల అనుమతితో చెప్పితిని, పేర్లు చెప్పను. ఆ బాలిక నేను పుస్తకము చేతికిచ్చిన తరువాత కూడ ఒక నెల గ్రంథాలయమునకు రాలేదు. పిమ్మట వచ్చినది. వచ్చిన దినమున పుస్తకము అడుగలేదు. ప్రోగ్రాము కాగితములు ఇమ్మని యడిగినది. బల్లకు ప్రక్కన కూర్చుండి, రెండు సమాన చిహ్నములున్న చోట్లన్నిటి క్రిందను పెన్సిలుతో గీతలు గీచినది. అవి పదునాలుగు. వానిలో మూడింటిని మార్చవలసియుండెను. ఆ మూడును నేను గమనింపనివే.

మన పిల్లలు యంత్రముల యెదుట తల వంచకుండ, వాని లోపల ఏమి వ్రాసియున్నదో చదువగలవారు కావలెనని నా కోరిక. దానికి పట్టణమునకు పోనక్కరలేదు. మన గ్రంథాలయములోని ఒక బల్ల, ఒక పెన్సిలు, ఓపిక చాలును. రానున్న ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయము ఆ పనికి గూడ చోటిచ్చుగాక.